నీలం ఎందుకు ముందు వాడిపోతుంది: ఓఎల్‌ఈడీ తెరలో అణువుల ఆయుష్షు

మూడు నాలుగేళ్లుగా వాడుతున్న ఓఎల్‌ఈడీ ఫోన్, అంటే కర్బన అణువులతో తానే వెలిగే తెర ఉన్న ఫోన్, మీ దగ్గర ఉంటే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. తెర నిండా లేత బూడిద రంగు బొమ్మ పెట్టి, వెలుతురు పెంచి, గదిలో లైట్లు ఆర్పేయండి. కొన్ని ఫోన్లలో పైన గడియారం, బ్యాటరీ గుర్తు ఉండే పట్టీ, కింద కీబోర్డు గళ్లు లీలగా కనిపిస్తాయి. ఆ క్షణంలో అవేవీ తెర మీద లేవు. నెలల తరబడి అవే చోట్ల వెలిగి వెలిగి, అక్కడి అణువులు పక్కవాటికంటే ఎక్కువ అరిగిపోయాయి. వాడుకలో దీన్ని బర్న్ ఇన్ అంటారు. తెరకు ఏదో అంటుకుపోయినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడ ఉండాల్సినదేదో తగ్గిపోయింది.

ఆ మరక రంగు కూడా గమనించండి. చాలాసార్లు అది కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తగిన పాళ్లలో కలిస్తేనే మన కంటికి తెలుపు. అందులో నీలం తగ్గితే మిగిలేది పసుపు. మూడింటిలో ముందుగా అలసిపోయేది నీలమేనని ఆ మరకే చెబుతోంది. ఫోన్ తయారీదారులకు ఇది ఎప్పుడో తెలుసు. చాలా ఓఎల్‌ఈడీ ఫోన్ల తెరను సూక్ష్మదర్శిని కింద పెడితే నీలం చుక్కలు ఎరుపు, ఆకుపచ్చ చుక్కలకంటే పెద్దవిగా కనిపిస్తాయి. చుక్క పెద్దదైతే అదే వెలుతురుకు దానిలోని ఒక్కో భాగం మీద పడే కరెంటు తగ్గుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. సమస్యను అణువు దగ్గర పరిష్కరించలేనప్పుడు ఇంజనీర్లు చేసిన సర్దుబాటు ఇది.

అణువు దగ్గరే పరిష్కరించాలని రసాయన శాస్త్రవేత్తలు పాతికేళ్లకు పైగా కొత్త కొత్త పదార్థాలు కడుతూనే ఉన్నారు. ఆ ప్రయత్నాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకే ప్రశ్న: అణువుకు అందిన శక్తి వెలుతురై బయటికి పోవడానికి ఎంతసేపు పడుతోంది? సామర్థ్యం అనీ మన్నిక అనీ రెండు వేరు శీర్షికల కింద రాసే సంగతులు ఈ ఒక్క సమయం చుట్టూనే తిరుగుతాయి. ఆ సంబంధాన్ని విప్పి చెప్పడమే ఈ వ్యాసం పని.

రెండు పొరలతో మొదలు

ఎల్‌సీడీ తెరలో వెలుతురు వెనక నుంచి వస్తుంది, తెర దాన్ని అవసరమైన చోట అడ్డుకుంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్కను ఆర్పేస్తే చాలు. వెలిగేది కర్బన అణువులతో చేసిన పలుచని పొర. కింద ఒక పారదర్శక ఎలక్ట్రోడ్, పైన ఒక లోహపు ఎలక్ట్రోడ్, మధ్యలో పని పంచుకున్న కొన్ని కర్బన పొరలు. ఆ పొరలన్నీ కలిపినా మందం కొన్ని వందల నానోమీటర్లే.

కర్బన పదార్థంలో కరెంటు పంపి వెలుతురు రప్పించవచ్చని తెలిసి చాలా కాలమైంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్ బృందం 1963లో ఆంత్రసీన్ స్ఫటికాన్ని అలా వెలిగించింది. అందుకు దాదాపు 400 వోల్టులు కావాల్సి వచ్చింది. దాంతో ఎవరూ తెర చేయలేరు. 1987లో అమెరికాలోని రోచెస్టర్‌లో, ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో పనిచేస్తున్న చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అసలు చిక్కుముడి విప్పారు. వాళ్లు ఒక స్ఫటికానికి బదులు రెండు పలుచని పొరలు వేశారు. ఒక పొర హోల్స్‌ను, అంటే ఎలక్ట్రాన్లు లేని ఖాళీలను, సులువుగా మోస్తుంది. రెండోది అల్యూమినియం చుట్టూ మూడు హైడ్రాక్సీక్వినోలిన్ ముక్కలు అమర్చిన అణువు. అది ఎలక్ట్రాన్లను మోస్తుంది, ఆకుపచ్చగా వెలుగుతుంది కూడా. అటు నుంచి ఎలక్ట్రాన్లు, ఇటు నుంచి హోల్స్ వచ్చి రెండు పొరల సరిహద్దులో కలుసుకుంటాయి. 10 వోల్టుల లోపే వెలుతురు వచ్చింది. నూరు ఎలక్ట్రాన్లు పంపితే బయటికి వచ్చిన ఫోటాన్, అంటే వెలుతురు కణం, దాదాపు ఒక్కటే. అయినా ఈ రంగం అక్కడి నుంచే మొదలైంది, ఎందుకంటే పనులను వేరు వేరు అణువులకు పంచవచ్చన్న ఆలోచన ఆ రెండు పొరల్లోనే ఉంది. ఈనాటి తెరల్లో పొరలు డజను దాటినా సూత్రం అదే.

నాలుగింట మూడు వంతులు

ఎలక్ట్రాన్, హోల్ ఒకే అణువు మీద కలుసుకున్నప్పుడు ఆ అణువు ఉత్తేజిత స్థితిలోకి వెళుతుంది. ఆ శక్తి మూటకు ఎక్సైటాన్ అని పేరు. అది నేల స్థితికి, అంటే అణువు మామూలుగా ఉండే అతి తక్కువ శక్తి స్థితికి, దిగివస్తూ తన శక్తిని ఒక ఫోటాన్‌గా వదిలితే మనకు వెలుతురు. ఇక్కడే క్వాంటమ్ భౌతిక శాస్త్రం ఒక లెక్క పెడుతుంది. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే ఒక సహజ క్వాంటమ్ గుణం ఉంటుంది. రెండు స్పిన్‌లు కలవడానికి నాలుగు రకాల అవకాశాలుంటే, అందులో ఒకటి సింగ్లెట్, మూడు ట్రిప్లెట్. కరెంటుతో పుట్టే ఎక్సైటాన్లలో నూటికి 25 మాత్రమే సింగ్లెట్లు, మిగతా 75 ట్రిప్లెట్లు.

సింగ్లెట్ కొన్ని నానోసెకన్లలో వెలుతురై పోతుంది. ఇదే ఫ్లోరెసెన్స్. ట్రిప్లెట్ నేల స్థితికి రావాలంటే స్పిన్ తిరగబడాలి. మామూలు కర్బన అణువుల్లో అది దాదాపు నిషిద్ధం. కాబట్టి ట్రిప్లెట్ మిల్లీసెకన్ల పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అక్కడే ఉండి చివరికి వేడిగా మారిపోతుంది. మొదటి తరం ఓఎల్‌ఈడీలో ఎంత మంచి అణువు వాడినా నాలుగింట మూడు వంతుల శక్తి ఇలా పోవాల్సిందే.

1998లో ప్రిన్‌స్టన్‌లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ బాల్డో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్క్ థాంప్సన్ కలిసి దీనికి దారి చూపారు. అణువు నడుమ బరువైన లోహపు పరమాణువును కూర్చోబెడితే దాని ప్రభావంతో స్పిన్ నియమం సడలుతుంది, ట్రిప్లెట్ కూడా వెలుతురు ఇవ్వగలుగుతుంది. దీన్నే ఫాస్ఫరెసెన్స్ అంటారు. వాళ్లు మొదట ప్లాటినంతో ఎరుపు చూపారు. మరుసటి ఏడాది ఇరిడియంతో ఆకుపచ్చ వచ్చింది. పుట్టిన ఎక్సైటాన్లలో దాదాపు అన్నీ వెలుతురయ్యే అవకాశం అప్పుడు ఏర్పడింది. న్యూజెర్సీలోని యూనివర్సల్ డిస్‌ప్లే కార్పొరేషన్ ఈ పదార్థాలను పరిశ్రమకు అందించింది. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఓఎల్‌ఈడీ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ఇరిడియం అణువులతో వెలుగుతున్నవే.

నీలం మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ అమ్ముడవుతున్న తెరల్లో అత్యధిక భాగం నీలానికి ఫ్లోరెసెన్స్ అణువులే వాడుతున్నాయి. అందులో ఒక ఉపాయం ఉంది: రెండు ట్రిప్లెట్లు ఢీకొని ఒక సింగ్లెట్‌గా మారేలా పదార్థాన్ని ఎంచుకోవడం. అలా 75లో సగాన్ని, అంటే 37.5ను, తిరిగి సంపాదించవచ్చు. మొదటి 25తో కలిపితే గరిష్ఠం 62.5 శాతం. దాని పైకి ఆ దారిలో పోలేం.

నీలం దగ్గర వచ్చే చిక్కు

ఇరిడియంతో నీలం తేలేకపోయారా? తెచ్చారు. లేత నీలం ఇచ్చే ఇరిడియం అణువు 2001 నాటికే వచ్చింది, సామర్థ్యం కూడా బాగుంది. కానీ బతకలేదు. ఎందుకో తెలియాలంటే శక్తి లెక్క చూడాలి.

అణువుల స్థాయిలో శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. ఎరుపు ఫోటాన్‌లో సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఆకుపచ్చలో 2.3. 460 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలంలో 2.7. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ కర్బన అణువును పట్టి ఉంచే బంధాల బలం కూడా ఈ చుట్టుపక్కలే, స్థూలంగా 3 నుంచి 4 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే నీలం వెలుతురు ఇవ్వాలంటే, తన బంధాన్ని తెంచగలిగినంత శక్తికి కాస్త తక్కువ శక్తిని అణువు ప్రతిసారీ తన మీద మోయాలి. అరచేతిలో నిప్పు కణిక పట్టుకున్నట్టే అది. వెంటనే జారవిడిస్తే చేతికి ఏమీ కాదు, పట్టుకుని నిలబడితే కాలుతుంది.

ఒంటరిగా ఉన్న ఎక్సైటాన్ వల్ల ప్రమాదం కొంతే. అసలు నష్టం ఢీకొన్నప్పుడు జరుగుతుంది. ఇరిడియం అణువు మీద ట్రిప్లెట్ ఒక మైక్రోసెకను, ఒక్కోసారి కొన్ని మైక్రోసెకన్లు ఉంటుంది. సింగ్లెట్ ఉండే సమయంతో పోలిస్తే ఇది వందల, వేల రెట్లు ఎక్కువ. ఈలోగా మరో ట్రిప్లెట్ దాన్ని చేరవచ్చు, లేదా దారిన పోతున్న ఎలక్ట్రాన్ గానీ హోల్ గానీ దగ్గరికి రావచ్చు. అప్పుడు ఒకదాని శక్తి రెండోదాని మీద పడుతుంది. రెండు నీలం ఎక్సైటాన్ల శక్తి ఒకచోట చేరితే 5 ఎలక్ట్రాన్ వోల్టులు దాటుతుంది. అణువులోని చాలా బంధాలు తెగడానికి అది చాలు. ఎరుపులోనూ ఇవే ఢీకొట్టుళ్లు జరుగుతాయి, కానీ మొత్తం 4 దగ్గర ఆగిపోతుంది. తెగడానికీ తెగకపోవడానికీ మధ్య గీత సరిగ్గా ఆ ప్రాంతంలో ఉండటం నీలం దురదృష్టం.

తెగిన చోటును పరిశోధకులు వేలు పెట్టి చూపగలిగారు. వెలిగే అణువులు పొరలో ఒంటరిగా ఉండవు. హోస్ట్ అనే మరో పదార్థంలో నూటికి కొన్ని పాళ్లుగా కలిసి ఉంటాయి. ఆ హోస్ట్‌లలో బాగా వాడుకలో ఉన్న ఒకదానిలో కార్బజోల్ అనే మూడు వలయాల ముక్క నైట్రోజన్ ద్వారా బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంటుంది. కోడాక్ పరిశోధకులు వాడి అరిగిపోయిన ఓఎల్‌ఈడీలను విప్పి, లోపలి పదార్థాన్ని విశ్లేషించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ కర్బన నైట్రోజన్ బంధమే తెగుతోందని, తెగిన ముక్కలు పక్క అణువులతో కలిసి కొత్త పదార్థాలు తయారవుతున్నాయని తేలింది. అసలు నష్టం ఆ కొత్త పదార్థాలతోనే. అవి కరెంటును మధ్యలో పట్టేస్తాయి. తమ చుట్టూ కొన్ని నానోమీటర్ల దూరంలో పుట్టిన ఎక్సైటాన్లను కూడా మింగేస్తాయి. కాబట్టి ఒక్క అణువు విరిగితే దాని ఇరుగుపొరుగు అణువులు బాగానే ఉన్నా వెలగడం మానేస్తాయి. ఎలక్ట్రాన్ అదనంగా వచ్చి చేరిన స్థితిలో ఆ బంధం ఇంకా బలహీనపడుతుందని తర్వాతి లెక్కలు చూపాయి.

ఇరిడియం అణువుకు ఇంకో బలహీనత ఉంది. నీలం వైపు జరపాలంటే దాని వెలిగే స్థితి శక్తిని పెంచాలి. అలా పెంచుతూ పోతే, లోహానికీ దాని చుట్టూ ఉన్న కర్బన ముక్కలకూ మధ్య బంధం సాగిపోయే మరో స్థితి దగ్గరైపోతుంది. గది వేడికే అణువు అటు జారుకుని ఒక ముక్కను వదిలేసుకుంటుంది. తొలి నీలం అణువుల్లో రంగు కోసం తగిలించిన ఫ్లోరిన్ కూడా ఊడిపోయేది. అందుకే ఆ తర్వాతి తరంలో ఫ్లోరిన్ వదిలేసి, లోహాన్ని గట్టిగా పట్టుకునే కార్బీన్ ముక్కల వైపు వెళ్లారు. ఆ పట్టు ఎంత బలంగా ఉంటే, అణువును విరిచే ఆ స్థితి అంత పైకి పోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, ఎక్సైటాన్ త్వరగా వెలుతురైపోతే రెండు లాభాలు ఒకేసారి వస్తాయి. వేడిగా మారే అవకాశం తగ్గి సామర్థ్యం పెరుగుతుంది. ఢీకొనే అవకాశం తగ్గి అణువు బతుకుతుంది. పైగా సామర్థ్యం పెరిగితే అదే వెలుతురుకు తక్కువ కరెంటు చాలు, అది మళ్లీ ఆయుష్షును పెంచుతుంది.

లోహం లేకుండా

2012లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహాయా అదాచీ బృందం మరో దారి తెరిచింది. ట్రిప్లెట్ నుంచి నేరుగా వెలుతురు రాబట్టే బదులు, ట్రిప్లెట్‌ను మళ్లీ సింగ్లెట్‌గా మార్చేస్తే? సింగ్లెట్ శక్తి ట్రిప్లెట్ కంటే కాస్త ఎక్కువ. ఆ తేడా బాగా చిన్నదైతే గదిలో ఉన్న వేడే అణువును పైకి నెట్టగలదు. గది ఉష్ణోగ్రత దగ్గర అందుబాటులో ఉండే వేడి శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు. మామూలు కర్బన అణువుల్లో సింగ్లెట్, ట్రిప్లెట్ తేడా దానికి 20 రెట్లు ఉండవచ్చు. దాన్ని 0.1 ఎలక్ట్రాన్ వోల్టు కిందికి తేవాలి.

అదాచీ బృందం కట్టిన అణువుల్లో పేరుపడ్డ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. నడుమ ఒక బెంజీన్ వలయం. దాని ఆరు మూలల్లో రెండింట సయానో సమూహాలు, అవి ఎలక్ట్రాన్లను తమ వైపు లాక్కుంటాయి. మిగతా నాలుగు మూలల్లో నాలుగు కార్బజోల్ ముక్కలు, ఇవి ఎలక్ట్రాన్లను ఇచ్చేవి. నాలుగు పెద్ద ముక్కలకు అక్కడ చదునుగా సర్దుకునే చోటు లేదు. ఒకదాన్నొకటి నెట్టుకుని నడిమి వలయపు తలం నుంచి పక్కకు మెలితిరుగుతాయి. ఆ మెలికే ఈ అణువు రహస్యం. మెలిక వల్ల ఎలక్ట్రాన్ ఉండే చోటు నడిమి వలయం మీద, హోల్ ఉండే చోటు కార్బజోల్‌ల మీద పడి రెండూ విడివడతాయి. అవి ఎంత విడివడితే సింగ్లెట్, ట్రిప్లెట్ శక్తుల తేడా అంత తగ్గుతుంది. అరుదైన ఇరిడియం ఊసు లేకుండా, కర్బనం, హైడ్రోజన్, నైట్రోజన్‌లతోనే చేసిన ఈ ఆకుపచ్చ అణువు దాదాపు 19 శాతం బాహ్య సామర్థ్యం ఇచ్చింది, అంటే నూరు ఎలక్ట్రాన్లు పంపితే దాదాపు 19 ఫోటాన్లు బయటికి వచ్చాయి. పొరల లోపల పుట్టిన వెలుతురులో అయిదో వంతు, మహా అయితే నాలుగో వంతు మాత్రమే గాజు దాటి బయటపడే పరికరంలో ఇది గరిష్ఠానికి దగ్గరే.

నాకు ఈ అణువు చాలా ఇష్టం. ఖరీదైన లోహం చేసే పనిని కేవలం ఆకారంతో చేయించారు. కానీ నీలానికి ఇది నేరుగా సరిపోలేదు. ఎలక్ట్రాన్, హోల్ విడివడితే అవి తిరిగి కలిసి వెలుతురివ్వడం కష్టమవుతుంది. తేడా తగ్గించే కొద్దీ వెలుతురు మందగిస్తుంది. మెలితిరిగిన అణువు ఉత్తేజితమైనప్పుడు ఆకారం మార్చుకుంటుంది కాబట్టి రంగు కూడా వెడల్పవుతుంది. 80, 100 నానోమీటర్ల మేర పరుచుకున్న నీలంలో ఆకుపచ్చ కలిసిపోతుంది, తెర కోసం దాన్ని వడగట్టి పారేయాలి. పైగా ట్రిప్లెట్ పైకెక్కడానికి పట్టేది మళ్లీ మైక్రోసెకన్లే. నిరీక్షణ తగ్గలేదు.

రంగు వెడల్పు సమస్యకు 2016లో వచ్చిన జవాబు ఈ రంగాన్ని మలుపు తిప్పింది. జపాన్‌లోని క్వాన్సేయ్ గకుయిన్ విశ్వవిద్యాలయంలో తకుజీ హతకెయామా బృందం మెలికకు పూర్తిగా వ్యతిరేకంగా వెళ్లింది. వలయాలన్నీ ఒకదానికొకటి బిగిసి అతుక్కున్న గట్టి పలక లాంటి అణువు కట్టి, అందులో ఒక బోరాన్, రెండు నైట్రోజన్ పరమాణువులను సరైన స్థానాల్లో పెట్టారు. బోరాన్ ఎలక్ట్రాన్‌ను కోరుకుంటుంది, నైట్రోజన్ ఇస్తుంది. వాటి ప్రభావాలు వలయం చుట్టూ ఒకదానికొకటి తోడై, ఎలక్ట్రాన్ ఒక పరమాణువు మీద ఉంటే హోల్ దాని పక్క పరమాణువు మీద, మళ్లీ ఎలక్ట్రాన్ ఆ పక్కదాని మీద, ఇలా ఒకటి విడిచి ఒకటిగా పరుచుకుంటాయి. విడివడటమూ జరిగింది, దూరమూ కాలేదు. అణువు గట్టిగా ఉంది కాబట్టి ఆకారం మారదు, రంగు పదునుగా వస్తుంది. 2019లో ఇదే బృందం ప్రకటించిన రెండు బోరాన్‌ల అణువు 469 నానోమీటర్ల దగ్గర కేవలం 18 నానోమీటర్ల వెడల్పుతో నీలం ఇచ్చింది, బాహ్య సామర్థ్యం 34.4 శాతం. చదునైన ఈ అణువులు పొరలో అడ్డంగా పడుకోవడం కూడా కలిసొచ్చింది. పడుకున్న అణువు వెలుతురును పక్కలకు కాకుండా గాజు వైపు పంపుతుంది.

అయితే ఈ చదును పలకలు ఒకదాని మీద ఒకటి పేరుకుని రంగు పాడుచేసుకుంటాయి. ట్రిప్లెట్‌ను సింగ్లెట్‌గా మార్చడంలోనూ చాలావరకు నెమ్మదివే. అందుకే ఇప్పుడు ఎక్కువ ఆశలు పనుల పంపకం మీద ఉన్నాయి. అదాచీ బృందం 2014లో చూపిన పద్ధతిలో ఎక్సైటాన్లను పట్టి సింగ్లెట్లుగా మార్చే పని ఒక అణువుది, ఆ శక్తిని అందుకుని పదునైన రంగులో వెంటనే వెలిగే పని మరో అణువుది. మొదటి అణువుగా ఇరిడియం రకాన్ని పెట్టుకోవచ్చు, మెలిక రకాన్నీ పెట్టుకోవచ్చు. రెండోదానికి బోరాన్ పలక బాగా నప్పుతుంది. మొదటి అణువు మీద శక్తి ఆగే సమయం తగ్గుతుంది, ఎందుకంటే అది తాను వెలిగేదాకా వేచి ఉండక్కర్లేదు, పక్కవాడికి అందిస్తే చాలు. ప్రమాదం ఒక్కటే. అణువులు మరీ దగ్గరైతే ట్రిప్లెట్ నేరుగా రెండో అణువులోకి దూరి అక్కడ ఇరుక్కుపోతుంది. అది జరగకుండా రెండో అణువు అంచుల్లో దట్టమైన కర్బన గుంపులను కంచెలా కడతారు. సింగ్లెట్ శక్తి కొన్ని నానోమీటర్ల దూరం దూకగలదు. ట్రిప్లెట్ అలా దూకలేదు, అణువులు తాకుతూ ఉంటేనే మారుతుంది. ఆ తేడాను ఇంత తెలివిగా వాడుకోవడం ఈ మధ్య వచ్చిన మంచి ఆలోచనల్లో ఒకటని నా అభిప్రాయం.

చుట్టూ ఉన్నవాళ్లు

వార్తల్లో ఎప్పుడూ వెలిగే అణువు పేరే వస్తుంది. కానీ తెర ఆయుష్షులో హోస్ట్‌కు, కరెంటు మోసే పొరలకు అంతే వాటా ఉంది. నీలం హోస్ట్ ట్రిప్లెట్ శక్తి వెలిగే అణువుకంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే శక్తి అటే పారుతుంది. అంటే హోస్ట్ 3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర బతకగలగాలి. వేడికి మెత్తబడి స్ఫటికంగా మారకూడదు. తొలినాళ్లలో హోల్స్‌ను మోసిన ఒక పదార్థం 60 డిగ్రీల పైన మెత్తబడేది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఆ తెర నిలవదు. తర్వాత వచ్చిన పెద్ద, బరువైన అణువులు ఆ హద్దును 100 డిగ్రీల పైకి తీసుకెళ్లాయి.

హోస్ట్‌ను బలపరచడంలో అందంగా అనిపించే పద్ధతి డ్యుటీరియం. అణువులోని హైడ్రోజన్‌ల స్థానంలో దాని బరువైన రూపమైన డ్యుటీరియం పెడతారు. రసాయన స్వభావం, రంగు దాదాపు మారవు. కానీ బరువెక్కువ కాబట్టి కర్బనంతో దాని బంధం నెమ్మదిగా కంపిస్తుంది, తెగడానికి ఇంకాస్త ఎక్కువ శక్తి అడుగుతుంది. ఎల్‌జీ డిస్‌ప్లే 2021 డిసెంబర్‌లో ఈ పదార్థంతో టీవీ తెరలు ప్రకటించింది, ప్రకాశం 30 శాతం దాకా పెరిగిందని చెప్పింది. ప్రకృతిలో ఆరు వేల పైచిలుకు హైడ్రోజన్లకు ఒక డ్యుటీరియం ఉంటుంది. దాన్ని వేరుచేసి భారజలంగా తీసే కర్మాగారం ఒకటి తెలంగాణలో, గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది. అది అణు రియాక్టర్ల కోసం కట్టినది. ఇటు హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల పరిశ్రమలో పల్లాడియం ఉత్ప్రేరకంతో వలయాలను అతికే రసాయన శాస్త్రం రోజువారీ పని. ఓఎల్‌ఈడీ అణువులను కట్టేదీ అదే చర్యలతో. తేడా శుద్ధి దగ్గర వస్తుంది. తెరకు వెళ్లే పదార్థాన్ని శూన్యంలో ఆవిరి చేసి మళ్లీ గట్టిపరిచి, ఒక్కోసారి రెండు మూడు విడతలు, శుభ్రం చేస్తారు. తయారీలో మిగిలిన క్లోరిన్, బ్రోమిన్ అణుమాత్రం ఉన్నా ఆయుష్షు పడిపోతుంది. ముడిసరుకు, చేతి నైపుణ్యం ఉన్న చోట ఈ చివరి మెట్టు కూడా ఎక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అణువును ముట్టుకోకుండానే నిరీక్షణను గానీ ఢీకొట్టుళ్లను గానీ తగ్గించే మార్గాలూ ఉన్నాయి. అప్పటికి మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారిన ఫారెస్ట్ బృందం 2014లో వెలిగే అణువుల సాంద్రతను పొర మందంలో క్రమంగా మార్చి, ఎక్సైటాన్లు ఒకేచోట గుమికూడకుండా చేసింది. నీలం ఫాస్ఫరెసెన్స్ ఆయుష్షు పదిరెట్లు పెరిగింది. అక్కడి నుంచే 2023 చివర్లో వచ్చిన పనిలో ఎలక్ట్రోడ్ల అమరికను మార్చి, చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రమే ఎక్సైటాన్‌ను త్వరగా వెలుతురుగా లాగేసేలా చేశారు.

కోటానుకోట్ల అణువుల్లో వెతుకులాట

కొత్త అణువును ఆలోచించి, కట్టి, శుద్ధి చేసి, పరికరంలో పెట్టి చూడటానికి నెలలు పడుతుంది. వలయాల మీద ఎక్కడ ఏ ముక్క తగిలించాలన్న ఎంపికలు మాత్రం లక్షల్లో ఉంటాయి. 2016లో హార్వర్డ్‌లో అలాన్ ఆస్పురు గుజిక్ బృందం శామ్‌సంగ్, ఎంఐటీ పరిశోధకులతో కలిసి 16 లక్షల అణువులను కంప్యూటర్లో పరిశీలించింది. యంత్ర అభ్యాసంతో మొదటి వడపోత, మిగిలినవాటికి క్వాంటమ్ లెక్కలు, చివరికి మిగిలిన కొద్దింటిని రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని చూసి ఓటేసి ఎంచుకున్నారు. కట్టి చూసిన అణువుల్లో బాహ్య సామర్థ్యం 22 శాతం దాకా వచ్చింది. యంత్రం ఇచ్చిన జాబితాలో ఏది నిజంగా కట్టగలమో చెప్పింది మనుషులే.

2022లో జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ఇలాంటి వెతుకులాటతోనే పాఠ్యపుస్తకాల నియమాన్ని తలకిందులు చేసిన అణువును పట్టుకున్నారు. ట్రిప్లెట్ ఎప్పుడూ సింగ్లెట్ కింద ఉంటుందని చదువుకుంటాం. వాళ్ల నీలం అణువులో సింగ్లెటే కిందికి వచ్చింది, కొద్ది తేడాతో అయినా. అప్పుడు ట్రిప్లెట్ పైకెక్కక్కర్లేదు, కిందికి దిగితే చాలు. నిరీక్షణ తగ్గించడానికి ఇంతకంటే నేరైన మార్గం ఊహించలేం.

ఈ లెక్కలన్నిటికీ ఒక పెద్ద పరిమితి ఉంది. రంగు, శక్తుల తేడా, వెలిగే వేగం కంప్యూటర్ బాగానే చెబుతుంది. ఆ అణువు వేల గంటలు బతుకుతుందా అన్నది చెప్పలేదు. బంధం ఏ ఢీకొట్టుడులో, ఏ పొరుగు అణువు దగ్గర తెగుతుందో వెతకాలంటే దారులు లెక్కలేనన్ని. అందుకే కొత్త నీలం అణువు గురించి వార్త చదివినప్పుడు నేను సామర్థ్యపు శాతం కంటే ముందు మూడు సంగతులు వెతుకుతాను. ఆయుష్షును ఎంత ప్రకాశం దగ్గర కొలిచారు? ప్రకాశం సగానికి తగ్గేదాకా లెక్కపెట్టారా, 95 శాతానికి తగ్గేదాకానా? తెరలో అయిదు శాతం తేడా కూడా కంటికి మరకగా కనిపిస్తుంది కాబట్టి రెండోదే అసలు పరీక్ష. మూడోది, అది నిజంగా ముదురు నీలమా, ఆకాశనీలమా? రంగును కాస్త ఆకుపచ్చ వైపు జరిపితే ఆయుష్షు సులువుగా పెరుగుతుంది. టీవీకి మాత్రం ఆ రంగు పనికిరాదు. ఈ మూడూ చెప్పని పత్రాలు సామర్థ్యంలో ఎంత గొప్పవైనా తెర దాకా రావడం అరుదు.

ఇక పరిశ్రమ ఎక్కడిదాకా వచ్చింది? ఒకే చుక్కలో వెలిగే పొరలను రెండు అంతస్తులుగా పేర్చే టాండమ్ పద్ధతి ఇప్పుడు విస్తరిస్తోంది. 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో తెర అలాంటిదే. వెలుతురును రెండు పొరలు పంచుకుంటాయి, ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. 2025 మే నెలలో ఎల్‌జీ డిస్‌ప్లే యూనివర్సల్ డిస్‌ప్లే కార్పొరేషన్‌తో కలిసి చేసిన నీలం ఫాస్ఫరెసెన్స్ తెర భారీ ఉత్పత్తికి తగ్గ స్థాయిలో పనిచేస్తోందని ప్రకటించింది. ఇది కూడా రెండంతస్తులదే: పై అంతస్తులో ఫాస్ఫరెసెన్స్ నీలం, కింది అంతస్తులో పాత ఫ్లోరెసెన్స్ నీలం. విద్యుత్ వాడకం సుమారు 15 శాతం తగ్గుతుందని చెప్పారు. కింది అంతస్తు ఇచ్చే స్థిరత్వం ఆసరాగా పై అంతస్తు సామర్థ్యాన్ని వాడుకుంటున్నారు. రెండు అంతస్తుల్లోనూ ఫాస్ఫరెసెన్స్ నీలమే పెట్టి, ముదురు రంగు తగ్గకుండా, ఎరుపు ఆకుపచ్చలంత కాలం నడిపించగలిగే అణువు ఇంకా రావాల్సి ఉంది.